ఫోన్‌లో మోడెమ్ ఎవరి అదుపులో ఉండాలి?

2024 మార్చిలో రాజన్న సిరిసిల్ల జిల్లాలో పనిచేస్తున్న ఒక డీఎస్పీని సస్పెండ్ చేశారు. కొద్దిరోజులకే అరెస్టు చేశారు. అంతకుముందు ఆయన హైదరాబాద్‌లో స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచిలో, అందరూ ఎస్‌ఐబీ అనే విభాగంలో ఉన్నారు. 2023 అసెంబ్లీ ఎన్నికల ముందు ప్రతిపక్ష నాయకుల ఫోన్లు, వాళ్ల చుట్టుపక్కల వాళ్ల ఫోన్లు విన్నారని, ఫలితాలు వచ్చాక హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని అభియోగం. మావోయిస్టుల జాడ తీసే విభాగం చేతిలోని అధికారాన్ని రాజకీయాలకు మళ్లించారన్నది అసలు ఆరోపణ. 2025 ఆగస్టులో కరీంనగర్ ఎంపీ, కేంద్ర మంత్రి బండి సంజయ్ కూడా ఈ కేసు దర్యాప్తు చేస్తున్న సిట్ ముందుకు వెళ్లి తన ఫోన్లూ విన్నారని చెప్పి వచ్చారు. ఎవరు దోషులో తేల్చాల్సింది కోర్టు. కానీ ఈ కేసు తర్వాత మన ఊళ్లలో మాట తీరు మారింది. కొంచెం గుట్టుగా మాట్లాడాలంటే చాలు, 'నార్మల్ కాల్ వద్దన్నా, వాట్సాప్‌ల చెయ్' అంటున్నారు.

కొందరు కుర్రాళ్లు ఇంకో అడుగు ముందుకేసి అడుగుతున్నారు. ఫోన్‌లో టవర్‌తో మాట్లాడే భాగాన్నే మన చేతుల్లోకి తీసుకోలేమా? స్విచ్ వేసినట్టు ఆపేయలేమా? అసలు ఆ భాగమే లేని పరికరం వాడలేమా? ప్రపంచవ్యాప్తంగా ప్రైవసీ ఫోన్ల తయారీదారులు పదేళ్లకు పైగా కుస్తీ పడుతున్న ప్రశ్న ఇది. దీన్ని ఉత్తర తెలంగాణ నేల మీద పెట్టి చూస్తే జవాబులు కొంత వేరుగా వస్తాయి.

ముందు ఆ భాగమేమిటో చూద్దాం. ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి, 'అబౌట్ ఫోన్'లోకి వెళ్తే 'బేస్‌బ్యాండ్ వెర్షన్' అని ఒక వరుస కనిపిస్తుంది. అక్షరాలు, అంకెలు కలిసిన పొడుగాటి పేరు. మనం దాన్ని ఎన్నడూ చదవం. కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గరి రిపేర్ షాపులో కుర్రవాడు మాత్రం నెట్‌వర్క్ రావట్లేదని ఫోన్ ఇస్తే మొదట చూసేది అక్కడే. తర్వాత *#06# నొక్కి ఫోన్ గుర్తింపు సంఖ్య ఐఎంఈఐ వస్తోందా అని చూస్తాడు. బేస్‌బ్యాండ్ దగ్గర 'అన్‌నోన్' అని, ఐఎంఈఐ దగ్గర ఖాళీగా వస్తే, 'సాఫ్ట్‌వేర్‌తోని అయ్యేటట్టు లేదన్నా, బోర్డు పని' అంటాడు. అప్పటికి ఆ ఫోన్‌లో ఫొటోలు తెరుచుకుంటాయి, పాటలు మోగుతాయి, వైఫై పట్టిస్తే యూట్యూబ్ కూడా నడుస్తుంది. పనిచేయనిది మోడెమ్ ఒక్కటే. అంటే ఒకే డబ్బాలో రెండు కంప్యూటర్లు ఉన్నాయన్నమాట. ఒకటి మనం వేలితో తాకి నడిపేది. రెండోది తన సొంత ప్రాసెసర్‌తో, సొంత ఆపరేటింగ్ సిస్టమ్‌తో టవర్‌తో మాట్లాడేది. ఆ రెండో దాని సాఫ్ట్‌వేర్ క్వాల్‌కామ్, మీడియాటెక్, శామ్‌సంగ్ వంటి కొద్ది కంపెనీల చేతిలోనే ఉంది. బయటివాళ్లకు దాని కోడ్ చూపించరు.

చూపించని దాన్ని నమ్మాల్సి రావడమే మొదటి చిక్కు. 2014 మార్చిలో రెప్లికెంట్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ బృందం కొన్ని శామ్‌సంగ్ గెలాక్సీ ఫోన్లలో ఒక దారిని బయటపెట్టింది. మోడెమ్ అడిగితే ఫోన్ మెమరీలోని ఫైళ్లను చదివి, రాసి పెట్టే ఏర్పాటు అది. దాన్ని ఎవరైనా దుర్వినియోగం చేశారని రుజువు కాలేదు గానీ, ఆ దారి ఉండటమే ప్రమాదమన్నది వాళ్ల వాదన. 2023 మార్చిలో గూగుల్‌కు చెందిన ప్రాజెక్ట్ జీరో అనే భద్రతా బృందం ఇంకా గట్టి సంగతి చెప్పింది. శామ్‌సంగ్ ఎక్సినోస్ మోడెమ్‌లలో 18 లోపాలు దొరికాయి. వాటిలో నాలుగు ఎంత తీవ్రమైనవంటే, మీ ఫోన్ నంబర్ ఒక్కటి తెలిస్తే చాలు, మీరు ఏమీ నొక్కకుండానే, మీకు తెలియకుండానే మోడెమ్‌ను దూరం నుంచి లోబరచుకోవచ్చు. లోపమున్న వాటి జాబితాలో గెలాక్సీ ఏ, ఎం వరుసల చవక ఫోన్లూ ఉన్నాయి. మన జిల్లాల్లో ఫైనాన్స్ మీద అమ్ముడుపోయే వరుసల్లో అవీ ఉన్నాయి.

అప్పుడు వాళ్లిచ్చిన సలహా గమనించదగ్గది. అప్‌డేట్ వచ్చేదాకా వైఫై కాలింగ్, 4జీ మీద కాల్ కలిపే వోల్టీ రెండూ ఆపి ఉంచమన్నారు. పాత నెట్‌వర్క్‌లు మిగిలి ఉన్న యూరప్ దేశాల్లో అది చెల్లుతుంది. 2016 సెప్టెంబరులో వచ్చిన జియోకు 2జీ, 3జీ లేవు, 4జీతోనే మొదలైంది. జియో సిమ్‌లో వోల్టీ ఆపేస్తే కాల్ మాట్లాడటమే ఆగిపోతుంది. అక్కడ జాగ్రత్తగా పనికొచ్చింది ఇక్కడ ఫోన్‌ను మూగది చేస్తుంది. ఈ విషయంలో మనం దిగుమతి చేసుకునే ప్రతి సలహానూ ఇలా మన నెట్‌వర్క్ మీద పెట్టి చూసుకోవాల్సిందే.

ఇక పరికరాల వైపు నుంచి వచ్చిన జవాబులు. ఒక వర్గం మోడెమ్‌ను విడదీయమంటుంది. అమెరికాలోని ప్యూరిజం కంపెనీ తెచ్చిన లిబ్రెమ్ 5 ఫోన్‌లో మోడెమ్ వేరే కార్డు మీద ఉంటుంది, పీకి తీసేయవచ్చు. ఫోన్ పక్కన మూడు స్విచ్‌లు ఉంటాయి. వాటిలో ఒకటి మోడెమ్‌కు కరెంటునే కోసేస్తుంది. లైనక్స్ మీద నడిచే పైన్‌ఫోన్‌లో వెనక మూత తీస్తే గోటితో జరిపేంత చిన్న స్విచ్‌ల వరుస కనిపిస్తుంది, అందులో ఒకటి మోడెమ్‌ది. పైన్‌ఫోన్‌లో క్వెక్టెల్ కంపెనీ మోడెమ్ వాడారు. దాని లోపల కూడా ఒక లైనక్స్ నడుస్తోందని గమనించిన ఔత్సాహికులు, ఆ పైభాగపు సాఫ్ట్‌వేర్‌ను తాము రాసినదానితో మార్చుకున్నారు. రేడియోను నడిపే అసలు అంతర్భాగం మాత్రం వాళ్లకూ తాళం తీయలేదు. ఆ తాళం తీసిన స్మార్ట్‌ఫోన్ మార్కెట్లో ఏదీ లేదు.

రెండో వర్గం ఆండ్రాయిడ్ మీద కట్టిన గ్రాఫీన్ ఓఎస్ వాళ్లది. వాళ్లు గూగుల్ పిక్సెల్ ఫోన్ల మీద పనిచేస్తారు. మోడెమ్ ఒకే చిప్‌లో ఉందా వేరే కార్డు మీద ఉందా అన్నది ముఖ్యం కాదు, అది ఏ మెమరీని ముట్టుకోగలదో హార్డ్‌వేర్ గట్టిగా హద్దు గీసిందా లేదా అన్నదే ముఖ్యమంటారు. స్విచ్ ఉండి, మిగతా ఫోన్ భద్రత బలహీనంగా ఉంటే లాభమేమిటని అడుగుతారు. ఎల్‌టీఈ, అంటే 4జీ మాత్రమే వాడే సెట్టింగ్ ఇచ్చి, పాత నెట్‌వర్క్‌ల కోడ్ జోలికే పోకుండా దాడికి దొరికే చోటు తగ్గిస్తారు. ఈ వాదనలో నాకు బలం ఎక్కువ కనిపిస్తుంది. మోడెమ్‌ను మొత్తంగా దొంగగా చూడటం కంటే, దాన్ని గదిలో పెట్టి గడియ వేయడం రోజువారీ వాడకానికి పనికొస్తుంది. పైగా లిబ్రెమ్ లాంటివి ఇక్కడ షాపుల్లో దొరకవు. తెప్పించుకున్నా, పాడైతే బోర్డు పని చేసేవాడు కరీంనగర్‌లో ఎక్కడ దొరుకుతాడు?

స్విచ్ వాదులు చెప్పే ఒక్క మాట మాత్రం కొట్టిపారేయలేం. విమానం గుర్తు నొక్కితే మోడెమ్ నిజంగా ఆగిందని మనకు చెప్పేది కూడా అదే ఫోన్ సాఫ్ట్‌వేర్. ఆ సాఫ్ట్‌వేరే చెడితే? 2016 జులైలో ఎడ్వర్డ్ స్నోడెన్, హార్డ్‌వేర్ ఇంజనీరు ఆండ్రూ హువాంగ్ కలిసి ఐఫోన్ 6 కోసం ఒక పరికరం నమూనా ప్రకటించారు. ఫోన్ చెప్పేది వినకుండా, లోపలి రేడియో చిప్‌ల తీగల మీద విద్యుత్ కదలికను నేరుగా గమనించి, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉన్నా రేడియో మేల్కొంటే హెచ్చరించేది. 2012లో సిరియాలోని హోమ్స్‌లో ఫిరంగి దాడిలో చనిపోయిన విలేకరి మేరీ కోల్విన్‌ను వాళ్లు ప్రస్తావించారు. అంత ముప్పున్న విలేకరికి ఆ స్థాయి రుజువు కావాలి. జగిత్యాలలో బీడీలు చుట్టే అమ్మకు అక్కర్లేదు. ఎవరి ముప్పు ఏమిటో చూడకుండా ఒకే మందు రాసే వ్యాసాలు చాలా చదివాను. వాటివల్ల భయం పెరిగింది తప్ప భద్రత పెరగలేదు.

ఇంతవరకు చెప్పిందంతా మోడెమ్ ఫోన్‌కు ఏం చేయగలదన్న దాని గురించి. ఇప్పుడు నెట్‌వర్క్‌కు అది ఏం చెబుతుందో చూడాలి. నా దృష్టిలో బరువంతా ఇక్కడే ఉంది. స్విచ్ వాదులు, గడియ వాదులు ఇద్దరూ ఇక్కడ పెద్దగా ఏమీ చేయలేరు.

మోడెమ్ ఆన్‌లో ఉన్నంతసేపు ఏ టవర్ కింద, ఆ టవర్‌కు ఏ దిక్కున ఉందో ఆపరేటర్‌కు తెలుస్తుంది. తెలియకపోతే మనకు కాల్ కలపలేరు కదా. సిగ్నల్ చేరే ఆలస్యాన్ని బట్టి దూరం కూడా లెక్కకడతారు. 2జీలో ఆ లెక్క సుమారు 550 మీటర్ల మెట్లలో, 4జీలో దాదాపు 78 మీటర్ల మెట్లలో వస్తుంది. అవసరమైతే నీ జీపీఎస్ ఎంతో చెప్పమని నెట్‌వర్క్ మోడెమ్‌నే అడిగే పద్ధతి కూడా ప్రమాణాల్లో ఉంది. ఆ అడిగింది తెర మీద కనపడాల్సిన పనిలేదు. ఎవరు ఎవరికి, ఎప్పుడు, ఏ టవర్ నుంచి చేశారన్న రికార్డులను ఆపరేటర్లు రెండేళ్లు దాచాలని 2021 డిసెంబరులో లైసెన్సు షరతు మార్చారు. అంతకుముందు అది ఏడాది.

కరీంనగర్ పట్నంలో టవర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. అందుకే చోటు వీధి దాకా తెలుస్తుంది, కానీ ఆ వీధిలో వందలమంది ఉంటారు. ఉట్నూరు ఏజెన్సీలో ఒక్క టవర్ కొన్ని కిలోమీటర్ల అడవిని కప్పుతుంది. చోటు అంత కచ్చితంగా తెలియదు గానీ, ఆ టవర్ కింద రాత్రిపూట వెలిగే కొత్త నంబర్ ఒకటో రెండో ఉంటాయి. కచ్చితత్వం తక్కువైనా దాక్కోవడానికి గుంపు లేదు. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించినప్పటి నుంచి, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద కాల్పులు జరిగినప్పటి నుంచి ఈ నేల మీద నిఘా కన్ను పడే ఉంది. కాబట్టి కొత్తగా ఊళ్లోకి వచ్చిన సిమ్ ఎవరిదన్న ప్రశ్న ఇక్కడ ఊహాజనితం కాదు.

2025 డిసెంబరులో రాయిటర్స్ ఒక వార్త ఇచ్చింది. స్మార్ట్‌ఫోన్లలో నెట్‌వర్క్ సాయంతో జీపీఎస్ చోటు కనిపెట్టే ఏ-జీపీఎస్ ఎప్పుడూ ఆన్‌లో ఉండేలా, వాడేవాళ్లు ఆపలేకుండా చేయాలని టెలికాం కంపెనీల సంఘం ప్రతిపాదించిందని, ఆపిల్, గూగుల్, శామ్‌సంగ్ వ్యతిరేకిస్తున్నాయని. టవర్ లెక్కకు అందని మీటర్ల స్థాయి చోటు దర్యాప్తు సంస్థలకు కావాలన్నది దాని వెనకున్న తర్కం. అది అమల్లోకి వస్తే మోడెమ్‌కు గడియ వేసే వర్గం కట్టిన గోడ లోపలి నుంచే కూలుతుంది.

దొంగ టవర్ల సంగతి కూడా చెప్పుకోవాలి. 2జీలో ఫోన్ తానెవరో టవర్‌కు రుజువు చేసుకోవాలి, టవర్ మాత్రం ఫోన్‌కు ఏమీ రుజువు చేయక్కర్లేదు. ఆ లొసుగుతోనే బ్యాగులో పట్టే యంత్రంతో టవర్ వేషం కట్టి ఫోన్లను లాక్కుంటారు. ఇలాంటి గాలిలోంచి పట్టే యంత్రాలతో మన దేశంలో ఫోన్లు వింటున్నారని 2010లో ఔట్‌లుక్ పత్రిక రాసింది. ఇటీవల లండన్, బ్యాంకాక్ లాంటి నగరాల్లో మోసగాళ్లు కార్లలో అవే పెట్టుకుని తిరుగుతూ దొంగ ఎస్‌ఎమ్‌ఎస్‌లు కుమ్మరించి పట్టుబడ్డారు. దీనికి మాత్రం ఫోన్‌లోనే మందు ఉంది. ఆండ్రాయిడ్ 12 నుంచి కొన్ని ఫోన్లలో 2జీని ఆపేసే సెట్టింగ్ వచ్చింది. ఐఫోన్‌లో ఐఓఎస్ 17 నుంచి లాక్‌డౌన్ మోడ్ పెడితే 2జీ ఆగుతుంది. జియో సిమ్ ఉన్నవాళ్లు ఈ సెట్టింగ్‌ను ఇవాళే మార్చుకోవచ్చు, కాల్స్‌కు ఏ నష్టమూ లేదు. ఏజెన్సీలో 2జీ సిగ్నల్ మీదే బతికే బీఎస్‌ఎన్‌ఎల్ వినియోగదారుడు మార్చుకుంటే మాత్రం మామూలు కాల్స్ కూడా కలవని పరిస్థితి రావచ్చు. టవర్లేని ఊళ్లకు 4జీ ఇవ్వడానికి 2022 జులైలో కేంద్ర మంత్రివర్గం 26,316 కోట్లతో పథకం ఆమోదించింది. బీఎస్‌ఎన్‌ఎల్ స్వదేశీ 4జీని 2025 సెప్టెంబరు 27న ప్రారంభించారు. ఆ 4జీ గుట్టల మీది గూడేలకు గట్టిగా చేరినప్పుడే అక్కడివాళ్లు ఆ లొసుగున్న 2జీని వదులుకోగలుగుతారు. ప్రైవసీ గురించి మాట్లాడేవాళ్లు టవర్ల గురించి కూడా మాట్లాడాలని నేననేది ఇందుకే.

సిరిసిల్ల నుంచి మొదలైన కేసుకు వస్తే, అది మోడెమ్ వల్లనో దొంగ టవర్ వల్లనో జరిగిందని ఎవరూ అనట్లేదు. చట్టప్రకారం ఫోన్ వినాలంటే ఆపరేటర్ దగ్గరే, నెట్‌వర్క్ గుండెలోనే వింటారు. హోం శాఖ కార్యదర్శి ఉత్తర్వు ఇవ్వాలి, ప్రధాన కార్యదర్శి ఉండే రివ్యూ కమిటీ చూడాలి. 1996లో పౌర హక్కుల సంఘం పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు పెట్టిన రక్షణల నుంచి వచ్చిన పద్ధతి ఇది. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పద్ధతి పాటించని ట్యాపింగ్ ఉత్తర్వు చెల్లదని తీర్పిచ్చింది. 2017 ఆగస్టు 24న గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిది మంది న్యాయమూర్తులు చెప్పారు. 2023 టెలికాం చట్టం కింద 2024 డిసెంబరులో కొత్త నిబంధనలు వచ్చాయి. ఇన్ని మారినా ఒకటి మారలేదు. ఉత్తర్వు ఇచ్చేదీ అధికారులే, దాన్ని సమీక్షించేదీ అధికారులే. మధ్యలో ఒక జడ్జి లేడు. నంబర్ల జాబితాలో మావోయిస్టు అనుమానితుడని ఒక పేరు రాస్తే, అది నిజమా కాదా అని బయటివాడెవడూ అడగడు. ఏ ఫోన్‌కు ఎన్ని స్విచ్‌లు పెట్టినా ఈ ఖాళీ పూడదు. 'వాట్సాప్‌ల చెయ్' అన్న మాటలో ఇంతవరకు తెలివి ఉంది. మాట దాగుతుంది. కానీ ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్న జాడ దాగదు.

మరి మోడెమ్ లేకుండా బతకడం సాధ్యమా? కొంతమంది రోజూ కొన్ని గంటలు బతుకుతున్నారు. గోదావరిఖనిలో, మందమర్రిలో భూగర్భ గనిలోకి దిగే కార్మికుడు ఫోన్ పైనే వదిలి వెళ్తాడు. నిప్పురవ్వ భయం అలాంటిది. ఆదిలాబాద్ గుట్టల మీద సిగ్నల్ లేని గూడేలున్నాయి. 2020 సెప్టెంబరులో ఆన్‌లైన్ పాఠాలు మొదలైనప్పుడు అక్కడి పిల్లలు సిగ్నల్ కోసం గుట్టలెక్కారు. రేషన్ దుకాణంలో వేలిముద్ర యంత్రానికి కూడా సిమ్ ఉంటుంది, అది టవర్ పట్టకపోతే బియ్యం ఆగుతాయి. బ్యాంకు ఓటీపీ, గ్యాస్ బుకింగ్, ఆధార్ మార్పు, అన్నీ నంబర్ చుట్టే కట్టేశారు. కాబట్టి మోడెమ్‌ను పూర్తిగా వదులుకోమని ఎవరికీ సలహా ఇవ్వలేం. అది లేకపోవడం ఇక్కడ ఇప్పటికే ఒక శిక్ష.

మధ్యే మార్గం ఒకటుంది, నేను గట్టిగా సమర్థించేది అదే. నంబర్‌ను ఒక చవక కీప్యాడ్ ఫోన్‌లో పెట్టాలి, ఓటీపీకి, కాల్‌కు మాత్రమే. ఫొటోలు, కాగితాలు, సంభాషణలు ఉన్న స్మార్ట్‌ఫోన్‌లో సిమ్ వేయకుండా, విమానం గుర్తు పెట్టి, వైఫై మీద నడపాలి. బయట అవసరమైతే చిన్న హాట్‌స్పాట్ డబ్బా జేబులో పెట్టుకోవాలి. మోడెమ్‌లో లోపం ఉన్నా, మీ ఫైళ్లున్న డబ్బాలో ఆ మోడెమ్ ఆగి ఉంటుంది. దొంగ టవర్ లాక్కున్నా దానికి దొరికేది మీ ఫైళ్లు లేని డబ్బా. ఆ హాట్‌స్పాట్ ఎక్కడుందో ఆపరేటర్‌కు తెలుస్తూనే ఉంటుంది, ఆ సంగతి మరవకూడదు. ఒక హెచ్చరిక కూడా: ఐఎంఈఐ మార్చి జాడ దాచుకోమని చెప్పేవాళ్లుంటారు. 2023 చట్టం ప్రకారం అది మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా పడే నేరం. పోయిన ఫోన్లను సీఈఐఆర్ అనే ప్రభుత్వ వ్యవస్థ ద్వారా వెతికి ఇప్పించే పద్ధతి ఆ నంబర్ మీదే నిలిచింది, దాంతో ఆడుకోవద్దు.

ఈ రెండు డబ్బాల పద్ధతిని ఎవరూ నేర్పకుండానే పాటిస్తున్నవాళ్లు మన దగ్గర వేలల్లో ఉన్నారు, గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ఊళ్లలో ఇది ఇంటింటి సంగతి. దుబాయిలోనో మస్కట్‌లోనో క్యాంపు వైఫై మీద ఒక స్మార్ట్‌ఫోన్, అందులో ఇంటి నంబర్‌తో వాట్సాప్. ఆ సిమ్ మాత్రం ఇంట్లో భార్య దగ్గర చిన్న ఫోన్‌లో ఉంటుంది. బ్యాంకు ఓటీపీ వస్తే ఆమె ఫోన్ చేసి అంకెలు చదివి చెబుతుంది. ఇది ప్రైవసీ కోసం కాదు, రోమింగ్ ఖర్చు భరించలేక. అయినా మోడెమ్ నుంచి సంభాషణను విడదీసిన అచ్చమైన ఉదాహరణ.

2025 నవంబరు 28న టెలికాం శాఖ ఇచ్చిన ఆదేశం సరిగ్గా ఈ పద్ధతి మీద పడింది. వాట్సాప్, సిగ్నల్, టెలిగ్రామ్, అరట్టై వంటి యాప్‌లు ఆ నంబర్ సిమ్ ఫోన్‌లో ఉంటేనే నడవాలి, కంప్యూటర్‌లో తెరిచిన వాట్సాప్ ఆరు గంటలకోసారి తెగిపోవాలి అన్నారు. సిమ్ ఫోన్‌లోనే ఉండి రోమింగ్‌లో ఉన్నవాళ్లకు ఇబ్బంది లేదని వివరణ ఇచ్చారు. సిమ్ ఇంట్లో ఉన్నవాళ్ల మాటేమిటి? కారణంగా చెప్పింది సైబర్ మోసాలు. ఆ కారణం బూటకమని నేననను. 2024లో కంబోడియాకు ఉద్యోగమని వెళ్లి మోసాల శిబిరంలో చిక్కుకున్న సిరిసిల్ల యువకుడి విషయంలో కేసు నమోదైంది. అలాంటి శిబిరాల నుంచి మన నంబర్లతోనే మనల్ని దోచారు. బాధితులూ మనవాళ్లే, బలవంతంగా ఫోన్ చేసినవాళ్లూ మనవాళ్లే.

అయినా ఈ మందు రోగం కంటే వెడల్పుగా ఉంది. సిమ్ లేని పరికరం మీద మాట్లాడుకునే హక్కును ఇది అందరికీ తగ్గిస్తుంది. ఆ నవంబరు 28నే అన్ని కొత్త ఫోన్లలో ప్రభుత్వ సంచార్ సాథీ యాప్ ముందే వేసి అమ్మాలని కూడా ఆదేశించారు. జనం అడ్డం తిరిగితే డిసెంబరు 3న వెనక్కి తీసుకున్నారు. టవర్ లేకుండా బ్లూటూత్ మీద నడిచే బ్రయర్ లాంటి యాప్‌ను 2023 మేలోనే దేశంలో నిరోధించారు. ఒక్కొక్కటిగా చూస్తే ప్రతిదానికీ కారణం ఉంది. కలిపి చూస్తే మోడెమ్ బయట మిగిలిన చోటు ఇరుకవుతోంది.

గల్ఫ్ కార్మికులకైనా ఈ సిమ్ నిబంధనలో మినహాయింపు రాయించాలి. 2023 జనవరిలో యూపీఐ విషయంలో యూఏఈ, సౌదీ, ఖతార్, ఒమన్ వంటి 10 దేశాల నంబర్లకు యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ దారి తెరిచింది, ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ అనే ప్రవాస ఖాతాలున్న వాళ్లకు. డబ్బు విషయంలో కుదిరినప్పుడు మాటల విషయంలో ఎందుకు కుదరదు? విదేశంలో ఉన్నట్టు పాస్‌పోర్టు, వీసాతో ఒకసారి నిరూపించుకున్నవాడి నంబర్‌కు, సిమ్ వేరే చోట ఉన్నా, యాప్ నడిచే వీలు ఇవ్వొచ్చు. దుర్వినియోగం అనుమానం వస్తే ఆ ఒక్క నంబర్‌నే ఆపొచ్చు. కరీంనగర్, పెద్దపల్లి, నిజామాబాద్, ఆదిలాబాద్ ఎంపీలు నలుగురూ కలిసి టెలికాం శాఖకు ఒక ఉత్తరం రాస్తే మొదలయ్యే పని ఇది.